బట్టలో లేని అలలు

నా కెమెరా మీద నాకున్న ఫిర్యాదులన్నీ ఫోన్‌లో వరుసగా రాసి పెట్టుకున్నాను. ఒకటి, వెలుతురు కొంచెం తగ్గితే చాలు, ఫొటో నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయి. రెండు, దాంతో పాటు వచ్చిన లెన్సు మామూలుది, అంచుల దగ్గర బొమ్మ మెత్తబడుతుంది. మూడు, గబగబా నాలుగైదు ఫొటోలు తీస్తే ఆగిపోయి ఊపిరి తీసుకుంటుంది. నాలుగు, చేత్తో పట్టుకునే చోట రబ్బరు ఊడిపోయింది, దాన్ని సైకిల్ పంక్చర్లు వేసే జిగురుతో అతికించాను. ఐదోది రాయడానికి కొంచెం సిగ్గుపడ్డాను కానీ రాశాను: దాన్ని మెడలో వేసుకుని పెళ్లి మండపంలోకి వెళ్తే ఎవరూ పక్కకు జరగరు. పెద్ద కెమెరా ఉన్నవాడికి దారి ఇస్తారు.

ఈ జాబితాను మా మేనత్త కూతురు ఒకసారి నా భుజం మీదుగా చదివింది. "బావా, ఆరోది కూడ రాయి," అంది. "కెమెరా ఎన్క నిలబడేటోడు."

నేను చదివింది ఎలక్ట్రానిక్స్ డిప్లొమా. మహారాష్ట్రలోని భివండీ బయట ఒక గోదాములో, పెట్టెల మీది గీతలు చదివే యంత్రాలను బాగుచేసే పని. ఆదివారాలు ఫొటోలు తీస్తాను. ఇక్కడ స్థిరపడ్డ మన తెలుగువాళ్ల ఇళ్లలో తొట్లె వేయడాలు, పుట్టువెంట్రుకలు, కొత్త దుకాణాల పూజలు, కార్ఖానాలో ఆయుధపూజ. పిలిచేవాళ్లు నా పనితనం చూసి పిలవరు, చుట్టరికం చూసి పిలుస్తారు. అయినా ఫొటోలు నచ్చేవి. నచ్చిన ప్రతిసారీ నాకు ఒకటే అనిపించేది, ఇంతకంటే మంచి కెమెరా ఉంటే ఇంకెలా ఉండేవో అని. ఏ కంపెనీ కెమెరా ఎంత చీకటిలో పనిచేస్తుంది, ఎంత బరువు, ఏ లెన్సు దేనికి సరిపోతుంది అని పట్టికలు వేసుకున్నాను. పట్టికలు పెరిగాయి, కొన్నది లేదు.

మా మేనత్త వాళ్లది భివండీలోనే టెంఘర్. అద్దె కార్ఖానాలో నాలుగు సాంచెలు. మా వైపు మరమగ్గాన్ని సాంచె అనే అంటారు. మామ, గైబీ నగర్ నుంచి వచ్చి పనిచేసే జగిత్యాల అన్న ఒకాయన కలిసి వాటిని నడుపుతారు. కండెలు చుట్టడం, నేసిన బట్టను వెలుతురుకు పట్టి చూడడం, మడత పెట్టడం అత్త పని. అన్నీ వ్యాపారి పనులే. ఆయన నూలు పంపిస్తాడు, వీళ్లు తెల్లబట్ట నేసి తాన్లు అప్పగిస్తారు. ఆ తాన్లు ఏ ఊరికి పోయి ఏ రంగు అద్దుకుంటాయో, చివరికి ఎవరి ఒంటి మీదికి చేరుతాయో వీళ్లకు తెలియదు. పెళ్లయి భివండీ వచ్చినప్పటి నుంచి అత్త చేతుల మీదుగా ఎంత బట్ట పోయిందో ఎవరూ లెక్క పెట్టలేదు. ఆ బట్ట తొడుక్కున్న మనిషిని మాత్రం ఆమె ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ ఒక్కసారి కోసమే ఆమె మామ వెంట పడి మూడో సాంచె తన కోసం అడిగి తీసుకుంది. నీలం, తెలుపు పోగులతో సన్నని గళ్ల కాటన్. గడి ఎంత చిన్నదంటే అందులో పెసరగింజ పెడితే గడి కనిపించదు. అంచులో మాత్రం ఒక పసుపు పోగు వేయించింది. ఎందుకని మామ అడిగితే, యాడ కనపడ్డా గుర్తుపట్టాలె గద అంది. మామ సరే అన్నాడు కానీ ఒక షరతు పెట్టాడు. ఈ బీము అయిపోయేదాకా చూస్తాను, కొనేవాళ్లు దొరికితే మంచిది, లేకపోతే మూడో సాంచె మీద మళ్లీ తెల్లబట్టే ఎక్కుతుంది అన్నాడు. బీము అంటే పడుగు నూలంతా చుట్టి ఉండే పెద్ద రోలు. అది రోజురోజుకూ సన్నబడుతుంటే అత్త దాన్ని చూస్తూ తిరిగేది.

కొనేవాళ్లను వెతికే పని మరదలిది. ఫోన్‌లో ఒక పేజీ తెరిచి, తనే ఫొటోలు తీసి పెట్టింది. వరంగల్‌లో కుట్టుమిషన్ల దుకాణం నడిపే ఒకావిడ ఆ పేజీ చూసి ఫోన్ చేసింది. గళ్లు నచ్చాయి, కానీ ఒక్కో ఫొటోలో నీలం ఒక్కో రకంగా ఉంది, కెమెరాతో తీసిన మంచి ఫొటోలు పంపించండి అంది. నచ్చితే బతుకమ్మకు కుట్టడానికి బీము మొత్తం తీసుకుంటానంది. సోమవారం ఎవరో ఒకరికి ఆర్డరు ఇచ్చేయాలి, ఆదివారం సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి, ఇంకో చోటి బట్ట కూడా చూసి పెట్టుకున్నానని దాచకుండా చెప్పింది.

అత్త నాకు ఫోన్ చేసింది. "అల్లుడా, నీ డబ్బా పట్కొని రా."

డబ్బా అన్న మాటకు నొచ్చుకున్నానో, లేక అసలు ఎదురుచూస్తున్న అవకాశం దొరికిందనుకున్నానో గానీ, ఇలాంటి పనికి నా కెమెరా చాలదన్నాను. బట్ట ఫొటో అంటే పోగు పోగు కనిపించాలి, దానికి పెద్ద కెమెరా కావాలి, నేను తెస్తాను అన్నాను. పెళ్లిళ్లలో నేను లైట్లు పట్టుకోవడానికి వెళ్లే స్టూడియో అన్న ఒకాయన ఉన్నాడు. ఆయన్ను బతిమాలి శుక్రవారం ఒక్కరోజుకు ఆయన కెమెరా తీసుకున్నాను. శనివారం పొద్దున్నే తిరిగి ఇవ్వాలి, ఆదివారం ఆయనకు కల్యాణ్‌లో పెళ్లి ఉంది.

శుక్రవారాన్నే ఎందుకు ఎంచుకున్నానంటే భివండీలో ఆ రోజు సాంచెలకు సెలవు, నేను కూడా గోదాముకు సెలవు పెట్టాను. అవి నడుస్తున్నప్పుడు కార్ఖానా నేల మొత్తం వణుకుతుంది, స్టాండు మీద పెట్టిన కెమెరా కూడా దాంతో పాటు వణుకుతుంది. సెలవు రోజు ఆ గల్లీ వేరే ఊరిలా ఉంటుంది. మనుషులు మామూలు గొంతుతో మాట్లాడుకుంటారు, పక్క కార్ఖానా గుమ్మంలో పడుకున్నవాడి గురక కూడా వినిపిస్తుంది.

ఆ కెమెరా బరువే వేరు. పట్టుకోగానే చేతికి బాధ్యత వచ్చినట్టు అనిపించింది. నేను లోపలికి వెళ్లేసరికి మామ దాన్ని చూసి, అడగకుండానే స్టూలు తీసుకుని పక్కకు జరిగాడు. నా జాబితాలో ఐదో ఫిర్యాదు అక్కడికక్కడే తీరిపోయింది.

కిటికీ పక్కన బల్ల మీద బట్ట పరిచి మధ్యాహ్నమంతా తీశాను. వెనక ఉన్న చిన్న తెర మీద పెద్దది చేసి చూస్తే పోగులు లెక్కపెట్టగలిగేలా ఉన్నాయి. అత్త కళ్లద్దాలు పెట్టుకుని చూసి, అంచు వైపు వేలు పెట్టి, పసుపు పోగు కనిపించగానే తల ఊపింది. మరదలు కెమెరాలోంచి ఫొటోలను తన ఫోన్‌లోకి లాక్కుని, ఇంటికెళ్లి పెద్ద తెర మీద చూశాక పంపుదామని నేను అనేలోపే వరంగల్‌కు పంపేసింది. అందరం చాయ్ తాగాం. పెద్ద కెమెరాను కన్నపిల్లలా సంచిలో చుట్టుకుని ఇంటికి తెచ్చి, పొద్దున్నే స్టూడియోలో అప్పగించి గోదాముకు వెళ్లాను.

శనివారం మధ్యాహ్నం మామ ఫోన్. "సాంచె బంద్ పెట్టినం అల్లుడా. బట్టల పట్టీలు పడ్డయ్."

వరంగల్ ఆవిడ పొద్దున ఫోన్ చేసి, డిజైన్ బాగుంది కానీ బట్ట నిండా అలలు అలలుగా ఉందేమిటి, గులాబీ రంగు, పచ్చ రంగు చారలు కూడా ఉన్నాయి, నూలు కలిసిపోయిందా అని అడిగిందట. అత్త వాళ్లు ఫొటోలు మళ్లీ తెరిచి చూశారు. చిన్న తెర మీద పెద్దది చేసి చూసినప్పుడు కనిపించనివి, ఫోన్‌లో బట్ట మొత్తం ఒకేసారి చూస్తే కనిపించాయి. చెరువులో రాయి వేస్తే లేచినట్టుగా, ఒకదాని వెనక ఒకటి, వంపు తిరిగిన చారలు. సాంచెల మనిషి అలాంటి చారను పట్టీ అంటాడు, దానికి అర్థం ఒకటే, నేతలో తప్పు.

సాయంత్రం డ్యూటీ దిగి నేను వెళ్లేసరికి మూడో సాంచె సగం విప్పేసి ఉంది. మిగతా మూడూ నడుస్తున్నాయి కాబట్టి ఏం చెప్పాలన్నా చెవి దగ్గరికి వచ్చి చెప్పాలి. మామ చేసిన పని చూస్తే నాకు ముచ్చటేసింది. నేను యంత్రం పట్టుకుంటే ఎలా వెళ్తానో అలాగే వరుసగా వెళ్లాడు. మొదట పన్నె చూశాడు, అంటే పడుగు పోగులు ఒక్కొక్కటిగా దూరి వచ్చే ఇనుప దువ్వెన. దాని పళ్లు వంగలేదు. తర్వాత కండెలు, రెండు రకాల నూలు కలవలేదు. తర్వాత బీము బిగువు, ఆ తర్వాత బట్టను ముందుకు లాగే చక్రం. ఏదీ తప్పు లేదు. తప్పు దొరకని కొద్దీ ఇంకా లోపలికి విప్పాడు. జగిత్యాల అన్న గోడకు ఆనుకుని, బట్టను మోకాళ్ల మీద వేసుకుని బొటనవేలితో తడుముతూ కూర్చున్నాడు. నేత తప్పంటే ఆయన చేతికే పేరొస్తుంది. బట్టలో ఏమీ లేదని పొద్దుటి నుంచి ఆయన చెబుతూనే ఉన్నాడు.

"ఫొటోల ఉన్నది బట్టల లేకుంట ఎట్లుంటదిర?" అన్నాడు మామ. "గంత పెద్ద కెమెరా అబద్ధమాడుతదా?"

నాకు ఆ మాట దగ్గర నవ్వు రావాల్సింది, రాలేదు. ఎందుకంటే శుక్రవారం వరకు నేను కూడా సరిగ్గా అదే అనుకున్నాను.

మరదలి ఫోన్ తీసుకుని రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూశాను. ఒకే బట్ట, ఒకే చోటు. ఒకటి బల్ల దగ్గర నిలబడి తీసింది, ఇంకొకటి ఒక అడుగు వెనక్కి జరిగి తీసింది. మొదటి దాంట్లో అలలు వెడల్పుగా ఉన్నాయి, రెండో దాంట్లో సన్నగా, వేరే వైపుకు వంగి ఉన్నాయి. నేత తప్పయితే అది ఉన్నచోటే ఉంటుంది. నేను జరిగితే అది జరగదు.

మామను, అన్నను బయటికి పిలిచి విషయం చెప్పాను. కెమెరా లోపల కూడా గళ్లే ఉంటాయి, వెలుతురును పట్టే చిన్న చిన్న గళ్లు. బట్ట గళ్లు, కెమెరా గళ్లు దాదాపు ఒకే సైజుకు వచ్చి, ఒకదాని మీద ఒకటి కొంచెం పక్కకు పడితే మధ్యలో లేని చారలు పుడతాయి. చిన్న కెమెరాల్లో చాలావాటికి లోపల ఒక పల్చని పొర ఉంటుంది, అది బొమ్మను కొద్దిగా మెత్తబరుస్తుంది కాబట్టి ఈ గొడవ తగ్గుతుంది. పదునుగా రావాలని కొన్ని పెద్ద కెమెరాల్లో ఆ పొర తీసేస్తారు. చెబుతున్నంతసేపూ మామ నా నోటి వైపు చూస్తున్నాడు గానీ ఆయనకు ఎక్కడం లేదని తెలుస్తోంది. గుమ్మంలో నిలబడి వింటున్న అత్తే అందుకుంది.

"దోమతెర రెండు మడతలు పడ్డప్పుడు నీళ్లు కదిలినట్టు కనపడ్తది సూడు, గదా?"

అదే. కార్ఖానా మూలలో పాత పన్నెలు రెండు ఉంటే మామ తెచ్చి, ఒకదాని వెనక ఒకటి పెట్టి గుమ్మం మీది ట్యూబ్‌లైటుకు అడ్డంగా పట్టాడు. కొంచెం వంచగానే ఇనుప పళ్ల మీద అలలు పరుగెత్తాయి. ఇంకొంచెం వంచితే దగ్గరికి వచ్చాయి, అటు తిప్పితే దూరం పోయాయి. మామ నోరు తెరిచి నవ్వాడు. అన్న వాటిని లాక్కుని తను పట్టి చూశాడు, తర్వాత మరదలు, తర్వాత చాయ్ ఇవ్వడానికి వచ్చినాయన. తన చేతిలో తప్పు లేదని తేలిన సంతోషం అన్నకు ఎక్కువ. పన్నెలను మళ్లీ మళ్లీ ఊపుతూ, "మామా, ఇగో నీ పట్టీలు, లెక్కవెట్టుకో," అన్నాడు.

మామ విప్పి పెట్టిన సాంచె వైపు తిరిగి, నన్ను చూశాడు. "గిదంత ఇప్పుడు ఎవలు బిగియ్యాలె? నీ కెమెరానా?"

అసలు సమస్య మాత్రం అలాగే ఉంది. అత్త వరంగల్‌కు ఫోన్ చేసి దోమతెర కథంతా చెప్పింది. వీడియోలో చూపిస్తానని బట్టను ఫోన్ ముందు పట్టింది. అప్పటిదాకా ఊరికే ఉన్న అలలు వీడియోలో ప్రాణం వచ్చినట్టు ఆడటం మొదలుపెట్టాయి. ఆవిడ కూడా నవ్వింది. మీ మాట నమ్ముతానమ్మా, కానీ నా గిరాకీలు కూడా ముందు ఫొటోనే చూస్తారు, వాళ్లందరికీ ఈ కథ నేనెక్కడ చెప్పను అంది. అందులో తప్పు పట్టేదేమీ లేదు. ముక్క కత్తిరించి పంపినా సోమవారంలోగా చేరదు. ఆదివారం సాయంత్రంలోగా అలలు లేని ఫొటో కావాలి.

ఇంకో పెద్ద కెమెరా ఎక్కడ దొరుకుతుందా అని ఫోన్‌లో నంబర్లు వెతకడం మొదలుపెట్టాను. అత్త నా ఎదురుగా కూర్చుంది.

"నీ దాన్ల ఏం తక్కువుందో చెప్పు," అంది.

జాబితా తెరిచి చదివాను. చీకటిలో చుక్కలొస్తాయన్నాను. "పొద్దుగాల పోదాం," అంది. అంచులు మెత్తగా వస్తాయన్నాను. బట్టను నడిమిట్ల పెట్టమంది. గబగబా తీస్తే ఆగిపోతుందన్నాను. "బట్ట యాడికన్న ఉరుకుతదా?" అంది. రబ్బరు సంగతి తనే చూసి, ఇంకా జిగురుందా అని అడిగింది. ఐదోది నేను చదవలేదు. మరదలు చదివింది.

"ఇంట్ల మేమే ఉన్నం గద," అంది అత్త. "మేం జరుగుతం తియ్." తర్వాత తనకు ఏం కావాలో చెప్పింది. నీలం నీలంలాగ ఉండాలి, గడి గడిలాగ ఉండాలి, పసుపు పోగు కనపడాలి.

రెండేళ్లుగా ఇన్ని పట్టికలు వేసిన నేను, ఈ ఫొటోలో ఏం కనిపించాలి అన్న వరుసను ఎప్పుడూ గీయలేదు. గీసి ఉంటే ఆ ఒక్క వరుస ముందు మిగతా వరుసలు చాలా వరకు ఖాళీగానే ఉండేవి.

ఆదివారం పొద్దున వరాలా తలావ్ అనే చెరువు గట్టు మీదికి వెళ్లాం. మబ్బు పట్టి ఉంది, ఎండ నేరుగా పడటం లేదు, నాకు కావాల్సింది అదే. రెయిలింగ్ మీద బట్ట వేసి మొదటి ఫొటో తీసి, బట్ట మొత్తం కనిపించేలా ఒకసారి, పెద్దది చేసి ఒకసారి చూశాను. అలలున్నాయి. పల్చగానే, కానీ ఉన్నాయి. నా పాత కెమెరా ఈ గండం నుంచి గట్టెక్కిస్తుందని రాత్రి నుంచి మనసులో గర్వపడుతూ వచ్చాను. ఇక చేయాల్సింది చేశాను. ఒక అడుగు ముందుకు జరిగి తీశాను, బట్టను కొద్దిగా ఏటవాలుగా తిప్పి తీశాను, లెన్సు కన్నం చిన్నది చేసి తీశాను. తీసిన ప్రతిదాన్నీ రెండు రకాలుగా చూశాను. ముందుకు జరిగినప్పుడు అలలు లేవు. శుక్రవారం పెద్ద కెమెరాతో ఇదే పని చేసి ఉంటే దాంట్లో కూడా లేకుండా పోయేవి. ఇది గట్టు మీద నాకు నేనే ఒప్పుకోవాల్సి వచ్చింది. అలలు ఖరీదు వల్ల రాలేదు, నేను నిలబడ్డ చోటు వల్ల వచ్చాయి.

అయితే రెయిలింగ్ మీద వేసిన బట్ట ఆరేసిన బట్టలాగే ఉంది. అప్పుడు మరదలు తన తండ్రి వైపు చూసింది. మొదట నేసిన ముక్కతో అత్త ఆయనకు ఒక చొక్కా కుట్టించింది. ఆయన అదే వేసుకుని, మేం చేసేది చూడటానికి వచ్చి నిలబడ్డాడు. బతిమాలి గట్టు అంచున నిలబెట్టాం. గుర్తింపు కార్డుకు ఫొటో దిగుతున్నవాడిలా చేతులు రెండూ తొడలకు ఆనించి బిగుసుకుపోయాడు. పొద్దుటి నడకకు వచ్చినవాళ్లు ఆగి చూస్తున్నారు. మరదలు తెల్ల దుప్పటి ఒకవైపు నేను చెప్పినట్టు పట్టుకుని, వెలుతురు ఆయన మీదికి పడేలా తిప్పుతూ, "బాపూ, జరా హసా నా," అని మరాఠీలో నవ్వమని వేడుకుంటోంది. నవ్వమన్న కొద్దీ ఆయన ఇంకా బిగుసుకుంటున్నాడు.

నడకకు వచ్చిన ఒక పెద్దాయన దగ్గరికి వచ్చి, చొక్కా చేతిని వేళ్ల మధ్య పట్టి చూసి, బట్ట ఎక్కడ కొన్నారని హిందీలో అడిగాడు.

మామ ఒకసారి చొక్కాను, ఒకసారి అత్తను చూశాడు. "హమారా మాల్ హై," మా సరుకే, అన్నాడు.

అని నవ్వాడు. చేతులు తొడల మీది నుంచి వాటంతటవే లేచాయి, ఒక చెయ్యి గళ్ల మీదికి వెళ్లింది. నా కెమెరా గబగబా నాలుగు తీసి, అలవాటు ప్రకారం ఊపిరి తీసుకోవడానికి ఆగింది. నాలుగులో మూడోది నాకు చాలు. చొక్కా కింది మడతలో అత్త కావాలనే బయటికి ఉంచి కుట్టించిన పసుపు పోగు కూడా అందులో పడింది.

ఫొటోలు నేను ముందు చూసి, ఆ తర్వాతే మరదలికి ఇచ్చాను. ఆమె వరంగల్‌కు పంపింది. మధ్యాహ్నం అన్నాల వేళ జవాబు వచ్చింది. ఆవిడ ధర అడగలేదు, అలల మాట ఎత్తలేదు. అంచులో ఆ పసుపు గీత ఏమిటని అడిగింది. అత్త ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, వంటింట్లో అటూ ఇటూ నడుస్తూ, ఆ పోగు ఎందుకు వేసిందో చెప్పింది. చెప్పడం చాలాసేపు పట్టింది. చివర్లో ఆవిడ బీము మొత్తం తనకేనంది, మగవాళ్ల చొక్కాలకు కూడా కొంత వేరుగా కావాలంది, ఆ నవ్వే ఆయన ఎవరని అడిగింది. ఆ పూట సర్వపిండి కాల్చారు. మామ రెండు చేతులూ నూనెతో, నోరు నిండా పెట్టుకుని, ఇక నుంచి ఫొటో దిగాలంటే తనను ముందుగా అడగాలని అందరికీ చెప్పాడు.

కొత్త బీము ఎక్కిన తర్వాత వరంగల్ ఆవిడ ఇంకొకటి అడిగింది. బట్ట నేస్తున్నప్పుడు, ఆ పసుపు పోగు వేయించిన మనిషితో కలిపి ఒక ఫొటో కావాలని. ఈసారి సెలవు రోజు కుదరదు, సాంచె నడుస్తూ ఉండాలి. పాత కెమెరాతోనే ప్రయత్నించాను. కార్ఖానాలో వెలుతురు తక్కువ, నేల వణుకుతోంది, సాంచె పక్కన అత్త ఒక్క క్షణం కూడా కదలకుండా ఉండదు. వెలుతురు కోసం ఎక్కువసేపు తెరిస్తే ముఖం చెదిరిపోతోంది, తక్కువసేపు తెరిస్తే చుక్కల్లో మునిగిపోతోంది. నిలబడే చోటు మార్చాను, కిటికీ తెరిపించాను, దుప్పటి కట్టాను, ఆమెను సాంచె చెక్కకు ఆనుకుని నిలబడమన్నాను. నా చేతిలో ఉన్నవన్నీ అయిపోయాయి. అప్పుడు జాబితా తెరిచి, పాత ఐదూ చెరిపేసి, ఒకే వాక్యం రాశాను: నడుస్తున్న సాంచె పక్కన, ఈ వెలుతురులో, అత్త ముఖం రావడం లేదు.

అంతవరకు నా ఫిర్యాదులన్నీ కెమెరా గురించే. మనిషి ఉన్న ఫిర్యాదు ఇదే మొదటిది.

స్టూడియో అన్నకు ఆ వాక్యం చూపించాను. ఆయన కెమెరా మార్చమనలేదు. వెలుతురును ఎక్కువగా లోపలికి రానిచ్చే ఒక చిన్న లెన్సు చాలన్నాడు, జూమ్ లేని రకం, ముందుకూ వెనక్కూ జరగాల్సింది మనమే. ఆయన దగ్గర వాడకుండా పడి ఉన్నదే నాకు ఇచ్చాడు, కొన్ని ఆదివారాలు పెళ్లిళ్లలో లైట్లు పట్టుకున్నాక అది నాదైంది. మరి మీకెందుకు అంత పెద్దది అని అడిగాను. పుస్తె కట్టేటప్పుడు ఇంకోసారి కట్టమని నేను అడగలేను కదా అన్నాడు. ఒక మెమరీ కార్డు పాడైతే పక్కన రెండోది ఉండాలి, చీకటి హాలైనా వానైనా ఆగకూడదు, తప్పిపోతే మళ్లీ రానిదాన్ని తీసేవాడికి అది కావాలి అన్నాడు. రేపు నేను కూడా పెళ్లి పూర్తిగా నా పేరు మీద ఒప్పుకునే రోజు వస్తే, మొదట చేసే పని పెద్ద కెమెరా కొనడమే. అప్పటికి అలాంటి వాక్యం ఇంకొకటి నా ఫోన్‌లో ఉంటుంది.

కొత్త లెన్సుతో అత్త ముఖం వచ్చింది. జుట్టు మీద దూది నుసి, చెవిలో పెట్టుకున్న దూది ఉండ, సాంచె వైపు పక్కచూపు. నేను కార్ఖానాలో లెన్సు విప్పబోతే మాత్రం జగిత్యాల అన్న నా చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు. ఈ గాలిలో టిఫిన్ డబ్బా మూత తెరిస్తేనే పప్పు మీద దూది పడుతుందని ఆయన బాధ. ఇప్పుడు గల్లీలోకి వెళ్లే లెన్సు మారుస్తాను.

బతుకమ్మ అయిపోయిన మర్నాడు వరంగల్ నుంచి ఒక ఫొటో వచ్చింది. ఎవరో మామూలు ఫోన్‌తో, చీకటి పడ్డాక, బహుశా నడుస్తూ తీసినది. బొమ్మ ఒక పక్కకు ఒరిగి ఉంది. మూలలో తీసినవాళ్ల వేలు అడ్డం పడింది. బతుకమ్మ చుట్టూ తిరుగుతున్న ఆడవాళ్లలో ఒకమ్మాయి నీలం గళ్ల లంగా వేసుకుంది, చప్పట్ల కోసం వంగిన వంపులో లంగా గాలికి విచ్చుకుంది. గళ్ల మీద అలలే అలలు.

నేను అలవాటుగా, దీన్ని కొంచెం బాగుచేసి ఇవ్వనా అని అడిగాను.

అత్త వినిపించుకోలేదు. రెండు వేళ్లతో తెరను పెద్దది చేసుకుంటూ పోయింది. అలల దగ్గర ఆగలేదు, అవి కెమెరావి అని ఆమెకు ఇప్పుడు తెలుసు. లంగా కింది అంచు దాకా వెళ్లి ఆగింది. కుట్టినావిడ దాన్ని లోపలికి మడవకుండా బయటికే వదిలింది. చీకట్లో, చుక్కల మధ్య, ఆ పిల్ల కాళ్ల చుట్టూ సన్నగా పసుపు గీత ఒకటి తిరిగి వచ్చింది.

మామను రెండుసార్లు పిలిచింది. నాలుగు సాంచెలూ నడుస్తున్నాయి, ఆయనకు వినిపించలేదు. అత్త కళ్లద్దాలు కూడా తీయకుండా, ఫోన్‌ను రెండు చేతులతో ముందుకు పట్టుకుని, ఆ చప్పుడులోకి నడిచి వెళ్లింది.